తంగేడు రంగు, బెల్లం రంగు

ఆ రోజుల్లో కొంచెం చదువుకున్నవాడికి ఒక జబ్బు ఉండేది. తనకు తెలిసింది నలుగురికీ చెబితే చాలు, ఆ నలుగురూ మారిపోతారనుకునేవాడు. నాకు ఆ జబ్బు ఇరవై రెండో ఏట, నల్లగొండలో అక్కావాళ్లింట్లో ఉన్నప్పుడు ముదిరింది. అప్పుడు నేను ఊళ్లో కాలేజీ రసాయనశాలలో సహాయకుణ్ని. (గాజు గొట్టాలు కడిగి ఆరబెట్టడం నా ఉద్యోగం. ఇంటికి రాసే ఉత్తరాల్లో మాత్రం ‘సైన్సు పని’ అని రాసేవాణ్ని.) ఇప్పటికి అరవై ఏళ్లు దాటినా ఆ ఎండాకాలం గుర్తొస్తే నాకు కోపం వస్తుంది. అన్యాయం జరిగింది నాకు.

బావ కచేరీలో గుమాస్తా. ఆయన పై అధికారి మూడు నెలల శిక్షణకు పోతూ, హైదరాబాదు నుంచి తెప్పించుకున్న గాజు తొట్టినీ అందులోని ఆరు ఎర్ర చేపలనూ బావకు అప్పగించాడు. “ఆరు ఇచ్చిపోతున్న. వచ్చినంక ఆరు చూస్త” అన్నాడట. బదిలీ కాగితాల మీద సంతకం ఆయనదే. చేపలు పోతే తనను దేవరకొండ అవతల ఏ మూలకో విసిరేస్తాడని బావ భయం. పది రోజులు తిరక్కుండానే రెండు చేపలు వెల్లకిలా తేలాయి. ఆ పూట బావ అన్నం ముట్టలేదు. “సైన్సు సైన్సు అంటవు గద బామ్మర్దీ, జర జూడు” అన్నాడు. ఆ ఇంట్లో నన్ను ఒకరు సలహా అడగడం అదే మొదలు. నేను పొంగిపోయాను.

కాలేజీలో మా లెక్చరర్ సారును అడిగాను. చేపలు విడిచేదీ, తినకుండా వదిలేసిన మేత కుళ్లేదీ కలిసి నీళ్లలో అమ్మోనియా పుడుతుందనీ, అది పెరిగితే చేపలు బతకవనీ చెప్పాడు. దాన్ని పట్టించే మందు మా బీరువాలోనే ఉంది. నీళ్లలో నాలుగు చుక్కలు వేస్తే, అమ్మోనియా లేకపోతే తేటగా ఉంటుంది, కొంచెం ఉంటే పసుపు తిరుగుతుంది, ఎక్కువైతే గోధుమ రంగు. రోజూ పొద్దున టానిక్కు సీసాలో తొట్టి నీళ్లు పట్టుకుపోయి పరీక్షించి, సాయంత్రం ఆ గొట్టానికి బిరడా బిగించి తెచ్చి గూట్లో నిలబెట్టేవాణ్ని. గూటి పక్కన గోడ మీద రంగులు కూడా పూశాను. తంగేడు పువ్వు రంగు ఒకటి, బెల్లం రంగు ఒకటి. బెల్లం రంగు కింద ఎర్రగా గీత గీశాను. చదువు రానివాళ్లకు కూడా అర్థం కావాలని. (ఈ మాట గుర్తుంచుకోండి.) చేపలకు ఒక్కపూట, చిటికెడు మేత, రోజూ తొట్టిలో కొన్ని నీళ్లు తీసి కొత్తవి పోయాలి అని అందరికీ చెప్పాను. ఆ ఎండల్లో బావి అడుగంటింది. తీసిన నీళ్లు పారబోయకుండా తన బీరపాదుకు పోసుకుంటానని బావ వాళ్లమ్మ, మా అత్తమ్మ, ముందుకొచ్చింది. నీళ్లు తీసే పని ఆమెకే అప్పజెప్పాను. సంతోషించాను కూడా.

రంగు తగ్గలేదు. ఒకనాడు పలచబడితే రెండునాళ్లు ముదిరేది. మిగిలిన నాలుగు చేపలూ పైకొచ్చి నోళ్లు తెరిచేవి. బావ కచేరీ నుంచి రాగానే చెప్పులు విడవకుండానే వాటిని లెక్కపెట్టేవాడు. నా మందు పాతబడిందేమోనని కొత్త సీసా విప్పించాను. అదే బెల్లం రంగు. ఇక మిగిలింది అక్క. “చాటుగ మేత వేస్తున్నవా అక్కా?” అని అడిగాను. అక్క గరిటె కింద పెట్టింది. “మాకే గడ్డ పెరుగు లేదు, చేపలకు విందు చేస్తున్ననా? నన్ను దొంగను జేస్తివా?” అంది. ఆ రోజు నుంచి నా కంచంలో మామిడికాయ తొక్కు పడలేదు. సైన్సు కోసం అది కూడా భరించాను.

ఒకనాడు కాలేజీ మధ్యాహ్నమే వదిలారు. నేను వచ్చేసరికి అత్తమ్మ తొట్టి ముందు నిలబడి జొన్నరొట్టె నలిపి గుప్పెళ్లతో వేస్తోంది.

“ఏం జేస్తున్నవ్ అత్తమ్మా?”

“కనబడ్తలేదా? తిండి పెడుతున్న.”

“చిటికెడే అని చెప్పిన గద.”

“నీ చిటికెడుకు నీళ్లు తేటగనే ఉంటున్నయి పిలగా. తేట నీళ్లు పోస్తె తీగ కాస్తదా? గా బెల్లం రంగు నీళ్లు పోసినంకనే పాదు లేచింది. నువ్వే గద గోడకు రాసి పెట్టినవ్, ఎప్పుడు తియ్యాల్నో. గందుకే గా రంగు వచ్చేదాంక ఆగుతున్న.”

నేను ప్రమాదమని గీసిన గీతను ఆమె పంట పక్వానికి వచ్చిందని చదువుకుంది. నెల రోజులుగా నేను ఎండలో నడిచి, గొట్టాలు మోసి, ఆమె ఎరువుకు తూకం చూసిపెట్టాను. దొడ్లో బీరతీగ గోడెక్కి జానెడేసి కాయలతో వేలాడుతోంది. ఆ కూర నేను రెండుసార్లు అడిగి వేయించుకున్నాను.

“గట్ల పెడితె చేపలు సస్తయి అత్తమ్మా.”

“తింటె ఎవలన్న సస్తరా? తినకుంటె సస్తరు గని.”

కరువు చూసిన మనిషి ఆమె. అమ్మోనియా సంగతి ఎత్తాను, వినలేదు. అరిచాను. అక్క వచ్చి సంగతి విని, నవ్వు ఆపుకుంటూ, “ముందుగాల నాకు తప్పయిందను” అంది. అన్నాను. అప్పుడు అత్తమ్మ వైపు తిరిగి, “మూడొద్దులకోసారి బెల్లం రంగు నీళ్లు చెంబెడు గావాల్నా, దినాం తంగేడు రంగు నీళ్లు బిందెడు గావాల్నా?” అని అడిగింది. అత్తమ్మ తీగ వైపు చూసి, “బిందెడు” అంది. తొట్టిలో పోయడానికి ఆ బిందెడు కొత్త నీళ్లు బావి నుంచి ఎవరు తేవాలో మాత్రం ఎవరూ ఆలోచించలేదు. అందరూ నా వైపు చూశారు.

మేత చిటికెడుకు దిగింది. చేపలు నిలిచాయి. మూడు నెలలకు అధికారి వచ్చాడు. తొట్టి చుట్టూ తిరిగి లెక్కపెట్టాడు. “నాలుగే ఉన్నయి” అన్నాడు. బావ గోడకు ఆనుకున్నాడు. “మా ఇంట్ల నెల దాటి ఒక్కటి బతకలె. మీకు ఇచ్చినయి గూడ ముందు దినం తెచ్చిన కొత్తయి. నాలుగింటిని ఎట్ల నిలబెట్టిన్రు?” అన్నాడు అధికారి. బావకు ప్రాణం లేచొచ్చింది. “మా అమ్మ జూసుకున్నది సార్” అన్నాడు. అత్తమ్మ ఆయనను గోడ దగ్గరికి తీసుకుపోయి, ఏ రంగులో నీళ్లు ఉండాలో, ఏ రంగు రానీయొద్దో వేలితో చూపించి చెప్పింది. ఆయన కాగితం వెనక రాసుకున్నాడు. నేను భుజాన బిందెతో గుమ్మంలోనే ఉన్నాను. “ఈ పిలగాడు ఎవరు?” అని ఆయన అడిగితే, “మా కోడలి తమ్ముడు సారూ. నీళ్లు తెస్తడు” అంది. నాలుగు బీరకాయలు కోసి ఆయన చేతిలో పెట్టింది. బావకు బదిలీ రాలేదు.

అత్తమ్మ పోయి చాలా ఏళ్లయింది. తర్వాత బావ పోయాడు. పోయిన ఏడు అక్క. ఆ గోడ ముందు నిలబడిన వాళ్లలో నేనొక్కణ్నే మిగిలాను, నేను చెప్పింది నిజమని ఒప్పుకోవలసిన వాళ్లెవరూ లేరు. మా ఇంట్లో ఇప్పుడు చిన్న తొట్టి ఉంది. పరీక్ష మందు అంగట్లోనే దొరుకుతోంది, రంగుల అట్టతో సహా. మొన్న రంగు కొంచెం ముదిరితే, నీళ్లు తీసి బకెట్‌తో మిద్దె మీది బీరపాదుకు మోసుకుపోయాను. తీగ ఈసారి సరిగా కాయలేదు. పోస్తూ పోస్తూ, ఇంకో రెండ్రోజులు ఆగి తీసి ఉంటే బాగుండేదనుకున్నాను. అనుకున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది. నవ్వు కూడా వచ్చింది.