యాకోబు హాజిర్

జయానందం సారుకు ఈ లోకంలో రెండే భయాలు. ఒకటి గొంతు పెద్దదైన అధికారి, రెండోది నోరు తిరగని సంయుక్తాక్షరం. ఆ రెండూ ఒకే గదిలో, ఒకే బల్ల వెనకాల దొరికిన పది రోజుల ముచ్చట ఇది. 1970 మే నెల, మెదక్. పొద్దున తొమ్మిదికే బండలు కాలిపోయే ఎండ.

ఆయన పుట్టింది మిషన్ కాంపౌండులో. తండ్రి కరువు రోజుల్లో చర్చి కడుతుంటే రాళ్ళెత్తినవాడు, కొడుకు మాత్రం పలకే ఎత్తాలని పంతం పట్టినవాడు. నిజాం కాలపు చదువాయె! ఇంట్లో తెలుగు, ప్రార్థనలో తెలుగు, బడి గడప దాటితే ఉర్దూ. అర్థశాస్త్రం కూడా ఆయనకు 'మాషియాత్'గానే అబ్బింది. ఇరవై ఏళ్ళు ఉర్దూలోనే చెప్పాడు, దర్జాగా చెప్పాడు. రాష్ట్రం మారాక ఉర్దూ సెక్షనులో పిల్లలు ఏటేటా తగ్గిపోయి చివరికి బెంచీలే మిగిలాయి. అప్పుడొచ్చింది పైనుంచి తాఖీదు. ఇకమీదట అర్థశాస్త్రం తెలుగులోనే చెప్పాలి. చెప్పేవాళ్ళంతా పది రోజుల పునశ్చరణ తరగతులకు రావాలి. ఒక్క పూట కూడా తప్పకూడదు. ఆఖరి రోజున నమూనా పాఠం చెప్పి మెప్పిస్తే సర్టిఫికెట్టు, లేకపోతే 'మిగులు' పంతుళ్ళ జాబితాలోకి. జయానందం మిగిలిపోతే కౌడిపల్లి ప్రైమరీ బడికి పంపుతారని ఆఫీసు గుమాస్తా ముందే చెవిన వేశాడు. నలభై ఆరేళ్ళు వచ్చాక పోయి అఆలు దిద్దించాలా? ఆ మాట తలుచుకుంటే ఆయనకు ముద్ద దిగేది కాదు.

ఇలాంటప్పుడే యాకోబు ఉండాల్సింది.

యాకోబూ జయానందం ఒకే బళ్ళో ఒకే పాఠం చెప్పే జంట పంతుళ్ళు. యాకోబుది ఎడమచేతి వాటం. బోర్డు మీద అక్షరాలన్నీ ఎడమకు వాలి పడుకునేవి. తెల్లచొక్కా తప్ప ఎరగడు. ఎంత కష్టమైన సంగతినైనా జొన్నరొట్టె మీదికి తెచ్చి చెప్పేవాడు. హైదరాబాదులో ఇద్దరూ పంతులు ట్రైనింగు చేసే రోజుల్లో వాళ్ళ మధ్య ఒక ఒప్పందం ఉండేది. "నువ్వు లేకుంటే నేను పలుకుత, నేను లేకుంటే నువ్వు పలుకు." హాజరు పట్టీ పిలిచేటప్పుడు ఎవడు సినిమాకు పోతే రెండోవాడు వాడి గొంతుతో పలికేవాడు. యాకోబుగా పలకాలంటే ముందు ఒకసారి గొంతు సవరించుకుని "హా...జిర్" అని సాగదీయాలి. రెండేళ్ళలో ఒక్కసారి కూడా దొరకలేదు, గడుసు పిండాలు!

ఆ యాకోబు ఫిబ్రవరిలో బడి నుంచి ఇంటికి వస్తూ గుండె ఆగి పోయాడు. పెట్టెకు ఒక మూల జయానందమే భుజం పట్టాడు. గుంటలో పిడికెడు మట్టి వేశాడు. అందులో ఏ అనుమానమూ లేదు.

తరగతులు నడిపించడానికి హైదరాబాదు నుంచి మదన్ మోహన్ అనే ఆఫీసరు వచ్చాడు. మనిషి పొట్టి, గొంతు మాత్రం ఖిల్లా మీది ఫిరంగి. ముప్పై రెండు మంది పంతుళ్ళు వచ్చారు, సిద్దిపేట నుంచి, జహీరాబాదు నుంచి, ఎక్కడెక్కడి నుంచో. మెదక్ ఊరి నుంచి జయానందం ఒక్కడే. పేర్ల జాబితా జనవరిలో తయారైంది. జనవరిలో యాకోబు బతికే ఉన్నాడు.

"ఎవరి పేరుకు వాళ్ళే పలకాలి. ఒకరికి ఒకరు పలికితే ఇద్దరినీ ఇంటికి పంపిస్తాను" అని మొదలుపెట్టాడు మదన్ మోహన్. పిలుస్తూ పోయాడు. జయానందం తన పేరుకు పలికాడు. తర్వాత ఇంకో ఆరు పేర్లు.

"యాకోబు."

అంతే, జయానందం గొంతు దానంతట అదే ఒకసారి సవరించుకుంది. "హా...జిర్" అంది. ఇరవై ఏళ్ళ కిందటి అలవాటు నోట్లో ఎక్కడ దాక్కుందో ఏమో, ఆయన మూసుకునేలోపే దూకేసింది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోగలమా? మదన్ మోహన్ తలెత్తకుండానే పట్టీలో గుర్తు పెట్టేశాడు. లేచి నిజం చెబుదామంటే, అప్పుడే గదా ఇద్దరినీ ఇంటికి పంపుతానన్నాడు. జయానందం మింగలేక కక్కలేక కూర్చుండిపోయాడు.

"ఇంకో మాట" అన్నాడు మదన్ మోహన్ పట్టీ మూస్తూ. "మనం తెలుగులో పాఠం చెప్పబోతున్నాం. రేపటి నుంచి ఈ హాజిర్‌లూ గీజిర్‌లూ వద్దు. చక్కగా 'ఉన్నాను' అనండి."

రెండో రోజు జయానందం గట్టిగా అనుకుని వచ్చాడు, ఆ పేరు పిలిస్తే నోరు విప్పకూడదని. పిలవగానే పెదవులు బిగబట్టి, పై పంటితో కింది పెదవిని పట్టి మరీ కూర్చున్నాడు.

వెనక బెంచీలోంచి ఎవరో గొంతు సవరించుకున్నారు.

"హా...జిర్."

జయానందానికి పై ప్రాణాలు పైనే పోయాయి. తిరిగి చూశాడు. వెనక బెంచీ ఖాళీ. కిటికీ రెక్క ఒకటి కదులుతోంది. తక్కినవాళ్ళు ఎవరి నోటుపుస్తకాలు వాళ్ళు సర్దుకుంటున్నారు. ముప్పై రెండు 'ఉన్నాను'ల మధ్య ఒక్క 'హాజిర్' వినిపించిందని ఎవరికీ పట్టలేదు.

మూడో రోజు ఆయన కావాలనే పోయి వెనక బెంచీలో కూర్చున్నాడు. ఎవడు పలుకుతాడో పక్కనుంచే చూద్దామని. ఆ రోజు గొంతు ముందు వరసలోంచి వచ్చింది. అది జయానందం ఖాళీ చేసి వచ్చిన చోటు.

పాఠాల సంగతి చెప్పనే వద్దు. ఆయనకు నమూనా పాఠంగా పడింది 'క్షీణోపాంత ప్రయోజన సూత్రం', అంటే ఏ వస్తువైనా వాడేకొద్దీ దాని మీద మోజు తగ్గుతుందని. అదే ఉర్దూలో అయితే 'ఖానూనె తఖ్లీలె ఇఫాదా' అని గడగడా అనేవాడు. తెలుగులో ఒకసారి 'క్షీణోప్రాంత' అన్నాడు, ఇంకోసారి 'క్షోణీపాంత' అన్నాడు. గదంతా నవ్వింది. "జయానందం గారూ, మీ సూత్రం కన్నా ముందు మీ నాలుకే క్షీణించేటట్టుంది" అన్నాడు మదన్ మోహన్. ఆ నవ్వుల్లో వెనకాల నుంచి ఒక నవ్వు ఆయనకు బాగా తెలిసినదే.

ఆరో రోజున ఇక లాభం లేదని మధ్యాహ్నం భోజనాల వేళ ఆఫీసరు దగ్గరికి పోయాడు.

"సార్, జర ఒక మాట. ఆ యాకోబు..."

"ఎవరు, ఆ తెల్లచొక్కా ఆయనా? ఎడమచేత్తో రాసుకుంటాడు, ఆయనే కదా?" అన్నాడు మదన్ మోహన్ పెరుగన్నం కలుపుకుంటూ. "మీ కన్నా నయమండీ. నోరెత్తడు, చెప్పింది రాసుకుంటాడు. ఒక్కటే లోపం. అందరూ ఉన్నాను అంటుంటే ఆయన హాజిర్ అంటాడు. మీ ఊరివాడేగా, మీరే నచ్చజెప్పండి."

జయానందం గోడ పట్టుకుని బయటికి వచ్చాడు. వేపచెట్టు కింద నిలబడితే అప్పుడు తట్టింది ఆయనకు. యాకోబు మొండికేసి అంటున్నది కాదు ఆ మాట. పిలిస్తే రావడం చేతనవుతుంది వాడికి, హాజిర్ అనడం చేతనవుతుంది. ఉన్నాను అనడమే వాడికి కుదరదు. లేనివాడు ఉన్నానని ఎట్లా అంటాడు?

తొమ్మిదో రోజు సాయంత్రం భార్య నిర్మలమ్మ ముందు అంతా చెప్పేసి ఏడ్చాడు. ఆమె బియ్యం చెరుగుతూ వింది. చేట పక్కన పెట్టింది. మొగుడిని వెర్రివాడి కింద కట్టలేదు, అది చాలు.

"మొదటి దినం పిలిచింది ఆఫీసరు. పలికింది మీరు. మీ నోటితోని పలికి పాపం, ఆ మనిషిని మట్టిల కెల్లి లేపుకొచ్చిన్రు" అంది. "తోలియ్యాల్సింది గూడ మీరే. పొద్దుగాల సమాధి కాడికి పోండ్రి. ఇగ రావొద్దని మంచిగ చెప్పి రాండ్రి. భయపడకుండ్రి, ఆయన మీకు చెడుపు చేసేటోడా?"

పదో రోజు పొద్దున ఏడున్నరకే జయానందం చర్చి వెనక సమాధుల దగ్గరికి పోయాడు. అక్కడ తోట ఊడ్చే ఐలమ్మ ఒక్కతే ఉంది. యాకోబు మట్టి ఇంకా కుంగలేదు, పైన సిలువ కూడా కర్రదే. పక్కన కూర్చున్నాడు.

"ఒరే యాకోబూ, తప్పయిందిరా. నోరు జారిన. నిన్ను పరేషాన్ చేసిన. ఇగ రాకురా. నా పాఠం నేనే చెప్పుకుంట, వస్తే వస్తది, లేకుంటే కౌడిపల్లి పోత. నువ్వు నిమ్మళంగ పండు" అన్నాడు. అని, కళ్ళు తుడుచుకుని, ఒక్క నిమిషం అట్లాగే కూర్చున్నాడు. ఆ మట్టి దగ్గర ఎంత చల్లగా ఉందో. తొమ్మిది రోజులుగా కంటికి కునుకు లేని మనిషి.

"సారూ, ఓ సారూ! ఎండ నెత్తిమీదికొచ్చింది, లేవుండ్రి" అంటూ ఐలమ్మ పిలిచింది. "ఏడున్నర సంది ఈడనే కూసున్నరు. తొమ్మిదికి పలకరించిన, పదకొండుకు పలకరించిన. కండ్లు తెరిచే ఉన్నరు గని ఉలుకు లేదు పలుకు లేదు. నాకు మస్తు భయమైంది."

పన్నెండు కావస్తోంది. పదిగంటలకే పాఠం. జయానందం చెప్పులు కూడా చేతబట్టుకుని ఆ బండల మీద పరుగెత్తాడు. కౌడిపల్లి ఖాయమని తెలుసు, అయినా పరుగెత్తాడు.

వరండాలో మదన్ మోహన్ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"పాఠం చెప్పి చెప్పగానే ఎటు మాయమయ్యారండీ? అబ్బబ్బ, ఏం చెప్పారు! మొదటి రొట్టె ప్రాణం, రెండోది బలం, మూడోది రుచి, నాలుగోది బరువు. ఆ నోరు తిరగని పేరు మొదట ఎత్తనే ఎత్తక, సంగతంతా బోధపడ్డాక చివర్న రాశారే, అదీ పంతులంటే! పైగా మీకు ఎడమచేత్తో కూడా రాయడం వచ్చని నాకు తెలియదు."

జయానందం గదిలోకి పోయాడు. బోర్డు నిండా సుద్దముక్క రాతలు, అన్నీ ఎడమకు వాలి పడుకుని. చివరి వరసలో 'క్షీణోపాంత ప్రయోజన సూత్రం' అని ఒక్క తప్పు లేకుండా ఉంది. బల్ల మీద హాజరు పట్టీ తెరిచి ఉంది. జయానందం పేరు ఎదురుగా పది గుర్తులూ ఉన్నాయి. యాకోబు పేరు ఎదురుగా తొమ్మిదే. పదో గడిలో ఎర్రసిరాతో 'గై' అని కొట్టారు.

"అదేనండీ నా బాధ" అన్నాడు వెనకాలే వచ్చిన మదన్ మోహన్. "తొమ్మిది రోజులు వచ్చి ఆఖరి రోజున గైర్హాజరు అయ్యాడు. ఆయనకు సర్టిఫికెట్టు ఎట్లా ఇస్తాను?"

జయానందం ఆ బోర్డుకు నుదురు ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. అందరూ సంతోషం అనుకున్నారు. సంతోషమూ ఉంది, కాదనను. మట్టిలో పడుకున్నవాడు మాట తప్పలేదని గుండె నిండిపోయింది. ఆ వెంటనే ఇంకో సంగతి తట్టింది. వాళ్ళ ఒప్పందం ప్రకారం లేనివాడి కోసమే కదా రెండోవాడు పలికేది. అయితే ఆ పొద్దున లేనివాడు ఎవరు?

సర్టిఫికెట్టు వచ్చింది. కౌడిపల్లి తప్పింది. ఆయన చొక్కా చేతులన్నీ సుద్ద చేసుకుంటూ ఏటేటా ఆ నాలుగు రొట్టెల పాఠమే చెప్పాడు, పిల్లలు కూడా పడి పడి విన్నారు. మంచి పంతులని పేరు వచ్చింది. ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం "నాది గాదు, యాకోబుది" అనేవాడు. వినయం అనుకునేవాళ్ళు.

నిర్మలమ్మ ఒక్కతే గమనించింది. ఆ రోజు నుంచి ఆ మనిషి నోట 'ఉన్న' అన్న మాట రాలేదు. కూర ఉన్నదా అంటే తలూపుతాడు. దారిలో ఎవరైనా ఎట్లున్నరు సారూ అంటే నవ్వి ఊరుకుంటాడు. బడి విడిచాక వాకిట్లో చెప్పుల చప్పుడైతే ఆమె వంటింట్లోంచి పిలుస్తుంది.

"ఏమయ్యా, వచ్చిన్రా? ఉన్నరా?"

ముందుగదిలో ఎవరో ఒకసారి గొంతు సవరించుకుంటారు.

"హా...జిర్."