సుభద్రమ్మ గారి ధాన్యం గోదాము

సుభద్రమ్మ గారు కన్నుమూశారని మంగళవారం ఉదయం కబురు వచ్చింది. ముందురోజు సాయంత్రమే ఆవిడతో మాట్లాడాను. రెండో పంట దాళ్వా ధాన్యం వచ్చేస్తోంది, రికార్డింగులో మిగిలిన రెండు పద్యాలూ ఈసారి ముగించేయాలని ఆవిడే తొందరపెట్టారు. బడిపంతులుగా ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రోజూ డైరీ రాసే నేను, ఆనాటి పేజీలో ఆవిడ పేరు రాసి, తరువాతి మాట రాయలేక లేచి వీధిలోకి వెళ్లిపోయాను. ఇప్పటికీ మనసు ఒకచోట నిలవడం లేదు.

మండపేటలో మా పద్యనాటక బృందాన్ని ఎరిగినవారికి ఆవిడ గోదాము తెలుసు. ఎరగనివారి కోసం చెబుతున్నాను. భర్త పోయాక ధాన్యం వ్యాపారం ఆవిడే నడిపారు. తొంభైల మొదట్లో మేము రిహార్సళ్లకు చోటు లేక బడి వరండాలో తిట్లు తింటుంటే, తన గోదాము నడుమ చాపలు పరిపించి, ఇక్కడ పాడుకోండన్నారు. తరువాత రేకుల కింద తడకలు కట్టించారు, ఫ్యాన్లు పెట్టించారు. కాకినాడ నుంచి మైకులతో వచ్చిన రికార్డింగు మూర్తి గోడల వెంట కప్పుదాకా పేర్చిన బస్తాలను తట్టి చూసి సంబరపడ్డాడు. ఖాళీ గోదాములో గొంతు గోడలకు తగిలి తిరిగొస్తుంది. బస్తాలుంటే ఆ ప్రతిధ్వనిని ధాన్యం మింగేస్తుంది. అందుకే మా రికార్డింగులు పంటను బట్టి జరిగేవి. సరుకు ఉన్నన్నాళ్లే మా స్టూడియో.

మా ప్రధాన గాయకులు వీర్రాజు గారికి డెబ్భై దాటాయి. ఆయన బాణీ మరొకరికి పట్టుబడలేదు. ఏటేటా ఊపిరి తగ్గుతోంది. ఆయన పద్యాలన్నీ క్యాసెట్లకు ఎక్కాలన్నది ఆయన కోరిక. చూస్తుండగానే అది సుభద్రమ్మ గారి పంతమయింది.

ఒక ఏడాది రికార్డింగు మధ్యలో, అమ్మిన ధాన్యం కోసం లారీ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆకాశం మబ్బు పట్టి ఉంది. పద్యం అయ్యేదాకా లోడు ఎత్తకూడదా అని డ్రైవరు విసుక్కున్నాడు.

"హారన్ కొట్టావంటే మళ్లీ మొదట్నించీ పాడిస్తాను. ఆలస్యం నీకే" అన్నారావిడ.

మాకు మాత్రం కానివ్వండని సైగ చేసి, చప్పుడు కాకుండా చెప్పులు విడిచి, వాన ఎక్కడ పడుతుందోనని మబ్బు వైపు చూస్తూ వరండాలో అటూ ఇటూ తిరిగారు. తలుపు సందులోంచి ఆవిడ అవస్థ చూస్తూ నేను తబలా మీద లయ తప్పకుండా ఉండడానికి నానా తంటాలు పడ్డాను. ఆవిడకు కూర్చోవడం తెలియదు. మమ్మల్నీ కూర్చోనిచ్చేవారు కాదు.

ఓసారి వీర్రాజు గారు ఒక పద్యాన్ని తేలిగ్గా ముగించారు. మేమెవ్వరం పట్టించుకోలేదు గానీ, సుభద్రమ్మ గారు ఊరుకోలేదు.

"నాకు రాగాలు తెలీవండి. లోపల ఏమీ లేని తాలు గింజ మటుకు తెలుస్తుంది. ఆఖరి పాదం తాలు పోయిందండి, వీర్రాజు గారూ."

ఆయన ముఖం గంటు పెట్టుకున్నారు. టీ తాగి, గొంతు సవరించుకుని, మళ్లీ పాడారు. క్యాసెట్టులో ఉన్నది ఆ రెండోసారి పాడిందే.

పెద్దకర్మ అయ్యాక ఆవిడ కుమారుడు శ్రీనివాసు మమ్మల్ని గోదాముకు పిలిచాడు. అతనిది ఎరువుల కొట్టు; ధాన్యం వ్యాపారం ఇక చేయడు. సరుకంతా పంపించేసి, గోడలకు సున్నం వేయించి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"అమ్మ పేరు మీద ఇది మీదేనండి, మాస్టారూ. ఇంక లారీ రాదు, ఎవరూ తొందరపెట్టరు."

మా కళ్లు చెమర్చాయి. వీర్రాజు గారు ఒక్క పాదం అందుకుని ఆగిపోయారు. ఆ పాదం నాలుగు గోడల నుంచీ తిరిగి వచ్చింది. బాగా మోగుతోంది కదండీ అన్నాడు శ్రీనివాసు సంతోషంగా. అదే చిక్కు బాబూ అని నేను విషయం చెప్పాను. అతను ఎన్ని బస్తాలు కావాలో చెబితే అద్దెకైనా తెప్పిస్తానన్నాడు. తెప్పిస్తాడు కూడా. తల్లి మాట నిలబెట్టే బిడ్డ.

కానీ వీర్రాజు గారు చాప మీద నుంచి లేవలేదు.

"ఇన్నాళ్లూ ఆవిడ తొందరపెడుతుంటే పాడానండి, మాస్టారూ. ఇప్పుడు ఎవరి తొందర మీద పాడను?"

అమ్ముడుపోయిన పంటను సైతం మా పాట కోసం గుమ్మంలో ఆపిన ఆ తల్లికి చేతులు జోడించి, పద్యాలు రెండూ అలాగే మిగిలి ఉండగా, బయటికి వచ్చేశాం.