తుఫానొస్తే తెరుచుకునే వీధి

బందరులో మా చిన్నతనంలో... ఓడరేవులో ఏడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని రేడియోలో చెప్పగానే మా అమ్మ చేసే మొదటి పని, బియ్యం మూట నెత్తిన పెట్టుకోవడం. రెండోది, మమ్మల్ని ప్లీడర్ల వీధికి తరమడం.

ప్లీడర్ల వీధంటే ఊళ్లో కలిగినవాళ్ల వీధి. ఎత్తైన పునాదులు, మేడలు, పెద్ద పెద్ద ఇనప గేట్లు... వాటి వెనకే పల్లంలో మా సందు. రోల్డ్‌గోల్డ్ నగలకు మెరుగు పెట్టేవాళ్లం, కుట్టుపని వాళ్లం... అన్నీ తాటాకిళ్లే.

మామూలు రోజుల్లో ఆ వీధికి మేమంటే చిన్నచూపే. మెరుగు పెట్టిన గొలుసులు ఇవ్వడానికి వెళ్తే నాన్నని వసారా దాటనిచ్చేవారు కాదు. కానీ గాలి మొదలైతే చాలు... వీధి వీధంతా గేట్లు బార్లా తెరిచి, మళ్లీ మూసుకుపోకుండా తాళ్లతో గోడలకి కట్టేసేవారు. ఎవరు ఏ ఇంటికైనా వెళ్లొచ్చు.

మేం వెళ్లేది పెద్ద ప్లీడరుగారి మేడకి. ఆయన తల్లి, మామ్మగారు, మెట్ల మీద చెంబు పట్టుకుని నిలబడేవారు.

"కాళ్లు కడుక్కుని ఎక్కండర్రా! దుప్పట్లకి బురదైందో, ఒక్కొక్కడి వీపు చీరేస్తా!"

ఆ తిట్లు ఎంత హాయిగా ఉండేవో... మేడ మీద గంగాళం నిండా పొగలు కక్కే పులగం. తుఫాను తగ్గగానే మేం మళ్లీ వసారా దాకానే. అది తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది నాకు.

తర్వాత ఆ వీధిలో ప్లీడర్లు పోయి డాక్టర్లొచ్చారు, డాక్టర్లు పోయి బిల్డర్లొచ్చారు. మామ్మగారి మేడ పడగొట్టి అయిదంతస్తులు లేపారు. అందులో రెండో అంతస్తు ఫ్లాటు నాదే. కొన్నరోజు ఎంత పొంగిపోయానో!

ఇవాళ పొద్దుట్నుంచి మళ్లీ హెచ్చరిక... ఒక్కచోట కూర్చోలేకపోతున్నాను. బాల్కనీలోకి, లోపలికి, మళ్లీ బాల్కనీలోకి... కింద పల్లంలో ఆ సందు అలాగే ఉంది. మా సుగుణ పిన్ని ఇంకా అక్కడే, రేకుల ఇంట్లో.

మా అపార్ట్‌మెంటు గ్రూపులో సెక్రటరీగారు మెసేజ్ పెట్టారు... గేటు మూసే ఉంచాలి, బయటివాళ్లని రానివ్వకూడదు అని. ఫోన్ చేసి, మరి కింద సందులోవాళ్ల సంగతేంటని అడిగాను.

"పునరావాస కేంద్రం పెట్టారుగా అండీ, అక్కడికి వెళ్లమనండి" అన్నారు. అదేమో ఊరవతల.

పిన్నికి ఫోన్ చేసి మా ఫ్లాటుకి వచ్చేయమన్నాను.

"నేనంటే వస్తాలేవే. పక్కింటి కరీమా సంగతేంటి? పచ్చి బాలింత. మీ వాచ్‌మన్ ఎవరి తాలూకా అని అడుగుతాడు. ఏం చెప్పమంటావ్ దాన్ని?"

మా అమ్మని ఆ మాట ఎవరూ అడగలేదు.

అందుకే కిందికి దిగి గేటు తీయించాను. అక్కడే కుర్చీ వేసుకుని ఇది రాస్తున్నాను. గ్రూపులో టింగు టింగుమని మెసేజ్‌లు... చూడటం లేదు. సందు వైపే చూస్తున్నాను. గాలి పెరుగుతోంది... ఇంకా ఎవరూ రాలేదు. తీసిన గేటుని కూడా నమ్మలేనట్టు చేశాం వాళ్లని.

మీ ఊళ్లో తుఫానొస్తే ఎవరింటికి పరిగెత్తేవారు మీరు? ఇవాళ వస్తే... ఆ ఇంటికి వెళ్లగలరా?