జవస్ కాడ, లినెన్ చొక్కా

మొన్న చట్నీకి జవస్ గింజలు వేయిస్తుంటే, ఆ చిటపటలకు నా కడుపులో పాత మంట మళ్లీ రాజుకుంది. మేముండే ఈ మహారాష్ట్ర చంద్రపూర్‌లో జవస్ అనేవి మన అవిసె గింజలే. ఆ మొక్క కాడ నారతోనే లినెన్ బట్ట నేస్తారని తెలిసిన నాటి నుంచీ ఈ చట్నీ నా నోటికి కమ్మగా, మనసుకు కారంగా ఉంటోంది.

కొత్త కంపెనీలు, విదేశీ సరుకులు ఒక్కసారిగా వచ్చిపడుతున్న కాలమది. మా ఆయన లాల్‌పేట్ బొగ్గు గనిలో, మా మరిది కొత్తగా పెట్టిన సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవారు. ఆ ఏడు దసరాకు మా యారాలు, అంటే మరిది భార్య, నాగపూర్ నుంచి మొగుడికి లినెన్ చొక్కా తెప్పించింది. నేను గంజిపెట్టి, పెళపెళలాడేలా ఇస్త్రీ చేసిన మా ఆయన నూలు చొక్కా మధ్యాహ్నానికే చెమటకు ఒంటికి అతుక్కుపోతే, గంజి మొహమే ఎరగని ఆ చొక్కా చల్లగా, బిగువు సడలకుండా ఉంది. కూర్చోగానే ముడతలు పడ్డాయని నేను లోలోపల సంబరపడేలోపే, ఆ ముడతలే దాని అందమని మా అత్తగారు మురిసిపోయారు. తమ్ముడి పక్కన మా ఆయన చిన్నబోయినట్టనిపించి నాకు ఏడుపొచ్చింది.

అది జవస్ కాడ నారని మరిదే చెప్పాడు. మా పుట్టింటి ఊళ్లో జనుము నానబెట్టి తాళ్లు పేనడం చూసిన దాన్ని, నాకేం తక్కువ అనుకున్నాను. కోతల దాకా ఓపికపట్టి, పద్మాపూర్ వైపు చేలల్లో గింజ దులిపి పారేసిన కాడలు మోపు కట్టించి తెచ్చి, నీళ్ల తొట్టిలో నానేశాను. వారం తిరిగేసరికి మా వరసలోని గని క్వార్టర్లన్నీ ముక్కు మూసుకున్నాయి. "ఏందే ఇది, తొట్ల ఎలుక గిట్ల సచ్చిందా?" అన్నాడు డ్యూటీ నుంచి వచ్చిన మా ఆయన. చివరికి చేతికొచ్చింది బెత్తెడు ముతక పీచు. గింజకు వేసే పొట్టి రకం వేరు, నారకోసం చలిదేశాల్లో ఒత్తుగా పెంచే పొడుగు రకం వేరట.

ఇప్పుడు లినెన్ ప్రతి దుకాణంలోనూ ఉంది. మా ఆయనకూ కొన్నాను, ఉతికేకొద్దీ మెత్తబడుతోంది. తడి ఆరకముందే ఇస్త్రీ చేయాలి గనక, ఈ ఊరి ఎండతో పోటీపడి పెట్టె పట్టుకుంటాను. పోయిన వేసవిలో మా ఇంటికి వచ్చిన మరిది ఒంటిమీద ముడతపడని పాలిస్టర్ టీషర్టు. "గీ ఎండల ఇస్త్రీ ఎవలు జేస్తరక్కా, మేం లినెన్ ఎప్పుడో ఇడిసిపెట్టినం" అంటూ యారాలు కూలర్ ముందు కాళ్లు చాపుకుంది. మెచ్చుకునే అత్తగారూ లేరు, చూసి కుళ్లుకోవలసిన మనిషికి మా ఆయన లినెన్ చొక్కా మీద ధ్యాసే లేదు. చెమట తుడుచుకుంటూ, ఆమె చాపిన కాళ్లను చూసి నేనే మళ్లీ కుళ్లుకున్నాను.