కట్టె లేత్

కళ్లకు డబ్బాలాంటిది కట్టుకుని, అందులో మాత్రమే కనిపించే లేత్ మీద, ఇనుమును తిప్పి చెక్కే పని నేర్చుకుంటున్న పిల్లల్ని ఈమధ్య హనుమకొండలో ఒక శిక్షణ కేంద్రంలో చూశాను. చూడడానికి వచ్చినవాళ్లంతా ఆశ్చర్యపోతుంటే నాకు తల వంగిపోయింది. నాకూ అలా నేర్పాలనే చూశారు, డెబ్బైల చివర, వరంగల్‌లో.

లేత్ పని నేర్పే టర్నర్ శిక్షణలో మా బ్యాచ్ మొత్తానికి నడిచే లేత్ ఒకటే. అందుకని మా సార్ కట్టెతో అచ్చం అలాంటిదే చేయించాడు. పిడులు తిరిగేవి, స్విచ్ పడేది, ఇనుము మాత్రం తెగేది కాదు. దాని మీద ఒకటే నియమం. ముక్కను పట్టుకునే చక్‌ను బిగించాక, దాని కీని తీసి, గోడ మేకుకు తగిలించి, "కీ మేకుకు" అని పైకి అన్నాకే స్విచ్ ముట్టాలి.

నాకది పిల్లలాట అనిపించింది. లైబ్రరీలో లేత్ గురించిన ఇంగ్లిష్ పుస్తకాన్ని, డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండుసార్లు చదివినవాణ్ని మరి. నాకు జతగా ఉన్న రఘునాథపల్లి రైతు కొడుకుతో, "నా వంతు గూడ నువ్వే తిప్పుకో" అనేవాణ్ని.

"పండితులు కట్టె ముట్టరా ఏంది?" అని నవ్వి, నా వంతూ తిప్పేవాడు.

అసలు లేత్ మీద మా వంతు వచ్చిన రోజు ముక్కను నేనే బిగించాను. స్విచ్ లేత్ వెనక గోడకుండేది. అతను అక్కడ నిలబడ్డాడు. అక్కణ్నుంచి చక్ కనిపించదు. వేగం గురించి నేను చదివింది వల్లిస్తూనే "వెయ్" అన్నాను.

"కీ తీసినవా రా?"

"నాకు తెల్వదా? వెయ్ రా!"

వేశాడు. చక్‌లోనే ఉండిపోయిన కీ ఎగిరి, సార్ చెవి పక్కనుంచి పోయి గోడ పెచ్చు లేపింది.

"స్విచ్ ఎవడేసిండు?"

"నేనే సార్," అన్నాడు నా జతగాడు.

"కీ చూడకుంట ఎట్లేసినవ్? జరైతే పానం పోతుండె! పరీక్షదాక కట్టె మిషినే తిప్పు నువ్వు."

అతను నా వైపు చూశాడు. నేను నేల చూశాను. బిగించింది నేనని చెబితే అసలు లేత్ పోయేది నాకు. చెప్పలేదు.

బయటికొచ్చాక అన్నాడు, "గన్ని బుక్కులు సదివినవ్. ఒక్క మాట మాట్లాడరాలేదారా నీకు?"

పరీక్షదాకా నేను ఇనుము కోశాను. షెడ్డు ఆ చివర నుంచి "కీ మేకుకు" అని అతని గొంతు వినిపిస్తూనే ఉండేది. పరీక్షలో అతని చేయి కీని మరవలేదు. కానీ ఇనుములోకి పనిముట్టును ఎంత దింపాలో కట్టె నేర్పలేదు. ముక్క పాడైంది. అతను తప్పాడు, నేను పాసయ్యాను. అతను వ్యవసాయానికి వెళ్లిపోయాడు.

హైదరాబాద్ బస్సు అతని ఊరు రఘునాథపల్లిలో ఆగుతుంది. ఆగినప్పుడల్లా నేను పుస్తకం తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకునేవాణ్ని.

మొన్న, కళ్ల మీది డబ్బా తీసిన ఒక అమ్మాయిని అడిగాను, "అసలు లేత్ ఎప్పుడిస్తరమ్మా?"

"సోమవారం నుంచి సార్."

"అందరికా?"

"అందరికీ. ఎందుకట్ల అడుగుతాండ్రు?"

నేను మళ్లీ నేల చూశాను.