అత్తగారి మంచం దగ్గర బజరు

నిన్న అమలాపురంలో నాలుగు సెల్లులు పట్టే బ్యాటరీ హోల్డర్ ఒకటి కొన్నాను, పెరట్లో ట్యాంకు నిండితే కూతపెట్టే పరికరం చేద్దామని. రిటైరైన ఫిజిక్స్ టీచర్ని, నాకున్న వ్యసనం ఇదొక్కటే. సెల్లు అడుగుభాగం స్ప్రింగుకి ఆనించి బొటనవేలితో అదుముతుంటే ఎందుకో ఒళ్లు మండింది. ఎందుకో ఏమిటి, నాకు బాగానే తెలుసు. మా బావగారు, ఆయన వెనకే అత్తగారు గుర్తొచ్చారు.

బావగారంటే మా ఆయనకి అన్నగారు. అప్పట్లో ఒకే ఇంట్లో చెరో వాటా, మధ్యగదిలో అత్తగారి మంచం. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే తప్ప ఆవిడ లేవలేరు, పిలిస్తే గొంతు వంటింటి దాకా రాదు. అందుకని ఆవిడ దిండు పక్కన స్విచ్చి, వంటింట్లో బజరు పెట్టాను. గాలి వీస్తే చాలు మా వైపు కరెంటు పోతుంది కనక, పెన్సిల్ సెల్లుల హోల్డర్ ఒకటి మంచం కోడుకి కట్టాను. కొన్ని నెలలు అది బంగారంలా పనిచేసింది. ఒక మధ్యాహ్నం ఆవిడ ఒంటరిగా లేచి వెళ్లబోయి, గుమ్మం దగ్గర పడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఏమైందని అడిగితే, నొక్కినా మోగలేదన్నారు. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లకీ బావగారు ఒకటే మాట: "మా మరదలి బొమ్మలాటకి మా అమ్మ బలైపోయిందండీ." మా ఆయన కూడా నాతో సరిగా మాట్లాడలేదు.

హోల్డర్ విప్పి చూశాను. నేను వేసినవి ఎర్ర సెల్లులు. అందులో ఉన్నవి చెమ్మపట్టి, మూతులు తుప్పెక్కిన నల్లవి. నా ఎర్రవి బావగారి టీవీ రిమోటులో హాయిగా ఉన్నాయి. నోరెత్తలేదు. ఇద్దరి మధ్య అడిగితే ఆయన బొంకేస్తారు, నలుగురిలో దొరకాలి. కొత్త సెల్లులు వేసి, అందులోంచి ఒక్కటి కదిలినా మంచం వెనక దాచిన రెండో హోల్డర్‌తో ఇంకో బజరు మోగేలా తీగలు కలిపాను. కొత్తపేట నుంచి బావగారి వియ్యంకుడు భోజనానికొచ్చిన రోజు, పొద్దున్నే వెళ్లి ఆయన రిమోటులో చచ్చిన సెల్లులు పెట్టాను. పనసపొట్టు కూర అంత శ్రద్ధగా ఎప్పుడూ వండలేదు.

భోజనాలయ్యాయి. వియ్యంకుడికి క్రికెట్ చూపించాలి, రిమోటు పనిచెయ్యలేదు, ఒక్క నిమిషమని చెప్పి బావగారు లేచారు. తర్వాత ఇల్లు అదిరిపోయేలా మోత. నోట్లో తాంబూలాలతోనే అందరూ పరుగెత్తుకొచ్చారు. తల్లి మంచం పక్కన, గుప్పిట్లో సెల్లులతో ఆయన.

"అత్తయ్యగారు పడ్డ రోజు కూడా ఇలాగే పట్టికెళ్లేరాండీ, బావగారూ?" అన్నాను, ఎంతో మర్యాదగా.

ఆయన తల దించుకున్నారు. వియ్యంకుడు చెప్పులు వెతుక్కున్నారు. అబద్ధమెందుకు, నా కడుపు చల్లబడింది.

సాయంత్రం పక్క మారుస్తూ, నేనే గెలిచానన్న ఉత్సాహంతో అత్తగారికి అంతా చెప్పాను. ఆవిడ నాకేసి చూడలేదు.

"నాకు తెలుసే అమ్మాయ్. ఆ రోజు నా కళ్లెదుటే మార్చేడు. మోగదని తెలిసే లేచేను."

మరి నన్నందరూ అంటుంటే ఎందుకు ఊరుకున్నారని అడిగాను.

"ఆడు నా కొడుకు. నువ్వైతే మాట పడతావులే అనుకున్నాను."

బావగారి మీద కసి ఆ పూటతోనే తీరింది. అత్తగారు పోయి చాలా కాలమైంది, పోయినవాళ్ల మీద ఇంకా ఏమిటా కోపం అంటారు మా ఆయన. కాలం నన్ను ఆవిడ వయసుకి తీసుకొచ్చింది గాని, ఆవిణ్ణి క్షమించే చోటికి మాత్రం ఇంకా తీసుకురాలేదు.