సెలూన్ బాబాయి గరిటె పట్టాక

వీధి వీధంతా ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది. ఆయన కంటే వయసులో పెద్దవాళ్లు కూడా కుర్చీలో కూర్చుని, మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టించుకుని, "బాబాయ్, చెవుల దగ్గర కాస్త చూసి" అంటారు. కింద సెలూను, పైన ఇల్లు, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఇరుకు మెట్లు. కత్తెర ఎంత ఆడుతుందో బాబాయి నోరూ అంతే ఆడుతుంది. గడ్డం కింద కత్తి ఉన్నంతసేపు ఎవరూ ఎదురు చెప్పరు కాబట్టి, లోకంలో తన మాటకి తిరుగులేదని ఆయనకి గట్టి నమ్మకం.

ఆ నమ్మకం మెట్ల దాకానే. పైన నలుగురు ఆడవాళ్లున్నారు. భార్య సిటీబస్సు డ్రైవరు. రోజంతా హారన్ల మధ్య గడిపి, సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి ఆవిడకి మనిషి గొంతు కూడా హారన్‌లాగే వినిపిస్తుంది. పెద్దమ్మాయి కాలేజీలో చదువుతోంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయో లేవో జుట్టు పక్కకి తీస్తే తప్ప తెలియదు. చిన్నదాని అసలు పేరు బడిలో హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎక్కడా వినబడదు. తిండి దగ్గర పెట్టే పేచీల వల్ల దానికి 'పేచీ' అనే పేరు స్థిరపడిపోయింది. ఉల్లిపాయ కనిపిస్తే పేచీ, పచ్చగా ఏదైనా కనిపిస్తే పేచీ, ఏమీ కనిపించకపోతే ఏం దాచారోనని పేచీ.

నాలుగో మనిషి అత్తగారు. వంటిల్లు ఆవిడ రాజ్యం. బాబాయి పెళ్లయిన నాటి నుంచీ ఆ ఇంట్లో పొయ్యి వెలిగించింది ఆవిడే, ఆర్పిందీ ఆవిడే. అలాంటిది ఒక ఆదివారం పొద్దున, అందరూ కాఫీలు తాగుతుండగా, ఆవిడ గరిటె తెచ్చి బల్ల మీద పెట్టింది.

"అమ్మాయ్, మీ డిపోలో రిటైర్మెంటు ఎన్నేళ్లకి?"

"ఎందుకమ్మా? అరవైకి."

"మరి నాకు డెబ్భై దాటింది. గరిటెకి రిటైర్మెంటు లేదా? ఇవాళ్టి నుంచి నేను వండను. తింటాను."

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. దాంతో నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. భార్య బస్సులో ఉంటుంది, పెద్దమ్మాయికి సాయంత్రం క్లాసులు, పేచీకి ఎనిమిదేళ్లు. అందరి చూపులూ తిరిగి తిరిగి బాబాయి మీద వాలాయి.

"దానికేముంది!" అన్నాడు బాబాయి, నోరు ఊరుకోక. "నలుగురి తలలు నున్నగా దిద్దే చెయ్యి. నాలుగు కూరగాయలు తరగలేదా?"

తరగడం వరకూ నిజంగానే లోటు లేదు. మొదటిరోజు చిక్కుడుకాయలు ఎంత సమంగా కోశాడంటే, పళ్లెంలో వాటిని చూసి పెద్దమ్మాయి ఫోటో తీసుకుంది. తినడం మాత్రం ఎవరి వల్లా కాలేదు. పైన మాడి, లోపల పచ్చిగా, పొలంలో ఉన్నప్పటికంటే గట్టిగా ఉన్నాయి. రెండోరోజు సూపు చేశాడు. అత్తగారు ఒక చెంచా నోట్లో పోసుకుని, చాలాసేపు కళ్లు మూసుకుని, "అల్లుడుగారూ, బాగా వేడిగా ఉంది" అంది. అంతకు మించి మెచ్చుకోవడానికి ఆవిడకి ఏమీ దొరకలేదు.

వంట చెడిపోతే బాబాయి అంతగా బాధపడేవాడు కాదు. బల్ల దగ్గర ఎవరూ నిలవకపోవడమే ఆయన మనసుకి గుచ్చుకుంది. పెద్దమ్మాయి పళ్లెం పట్టుకుని తన గదిలోకి వెళ్లిపోయేది. భార్య పొయ్యి పక్కనే నిలబడి, తర్వాతి స్టాపులో దిగాల్సినదానిలా గబగబా నాలుగు ముద్దలు మింగేది. పేచీ తన వాటాని బల్ల కింద నుంచి అమ్మమ్మ పళ్లెంలోకి చేరవేసేది. బాబాయి చెయ్యి తుడుచుకుని వచ్చి కూర్చునే వేళకి ఎదురుగా ఖాళీ కుర్చీలు, ఒక అత్తగారు మిగిలేవాళ్లు. కింద తన కుర్చీలో కూర్చున్న మనిషిని లేవగొట్టడమే కష్టం. పైన మనిషిని కూర్చోబెట్టడం ఇంత గగనమేమిటని ఆయనకి ఒకటే దిగులు.

చివరికి ఆయనకి తెలిసిన దారి ఒక్కటే కాబట్టి ఆ దారే పట్టాడు. కుర్చీలో కూర్చున్న ప్రతివాణ్నీ అడగడం మొదలుపెట్టాడు. "నిన్న మీ ఇంట్లో ఏం తిన్నారు? ఎలా చేశారు? ముందు నూనె వేస్తారా, తర్వాతా?" నురగ పూసిన మొహాల్లోంచి వచ్చిన వంటలన్నీ బుర్రలో వేసుకుని, సాయంత్రం షట్టర్ దించి, చేతులు మోచేతుల దాకా తోముకుని, చొక్కా మార్చుకుని మెట్లెక్కేవాడు. మెకానిక్ చెప్పిన గుమ్మడికాయ ముద్దయింది. ట్యూషన్ మాస్టారు చెప్పిన క్యాబేజీ వాసనకి పక్కింటి కిటికీ మూసుకుంది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం పోస్టాఫీసు గుమాస్తాగారు వచ్చారు. ఆయనకి నడినెత్తి మీద జుట్టు పల్చబడుతోంది. మాట మహా నెమ్మది, పైగా తల వంచుకుని మాట్లాడే అలవాటు. బాబాయి మెడ వెనక మిషను పెట్టగానే ఆయన ఏదో చెప్పడం మొదలుపెట్టారు. మిషను గుర్రుమంటోంది. దాని గోలలో బాబాయి చెవిన పడ్డవి కొన్నే.

"...మా ఆవిడ చెప్పింది బాబాయ్, అద్భుతం... రెండు గుడ్లు, కప్పు పెరుగు, ఉల్లిపాయ... నాలుగు చెంచాల నూనె... నిమ్మకాయ పిండి బాగా గిలక్కొట్టి, ఓ అరగంట అలా వదిలెయ్యాలి..."

"అరగంట!" అని బాబాయి మనసులో గట్టిగా పట్టుకున్నాడు. ఇన్నాళ్లూ తను చేస్తున్న తప్పేమిటో ఆయనకి ఇప్పుడర్థమైంది. నానబెట్టకుండా వండేస్తున్నాడు.

ఆ సాయంత్రం అన్నీ చెప్పినట్టే చేశాడు. అయిదుగురికి సరిపోదని గుడ్లు ఎక్కువ వేశాడు. అరగంట ఆగాక గిన్నెలోది చూస్తే అదేదో అసంపూర్తిగా అనిపించింది. ఉడకబెట్టిన బంగాళాదుంపల్ని పల్చటి బిళ్లలుగా తరిగి, మందపాటి పెనంలో వరసలుగా పేర్చి, ఇంత ఉప్పూ మిరియాలపొడీ చల్లి, గిలక్కొట్టిందంతా పైన పోసి, మూత పెట్టి, సన్నటి మంట మీద వదిలేశాడు. కాసేపటికి మూత సందుల్లోంచి వచ్చిన వాసనకి ముందు పేచీ వచ్చింది, దాని వెనకాల అత్తగారు వచ్చింది.

మూత తీస్తే పైన బంగారు రంగు పొర, అంచుల్లో చిటపట. అత్తగారు మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఆవిడ కళ్లు తెరవకుండానే పళ్లెం ముందుకి తోసింది.

"ఇంకో ముక్క వెయ్యండి."

పెద్దమ్మాయి గదిలోంచి ఖాళీ పళ్లెంతో వచ్చి మరికాస్త వేసుకుంది, తిరిగి వెళితే ఈలోగా పెనం ఖాళీ అవుతుందన్న భయంతో అక్కడే కూర్చుంది. భార్య నిలబడే ఒక ముక్క తిని, తర్వాత కుర్చీ లాక్కుంది. పేచీ అడుగున కరకరలాడే భాగం కోసం అక్కతో దెబ్బలాటకి దిగింది. అందులో ఉల్లిపాయ ఉందని ఎవరూ దానికి చెప్పలేదు. పెనం గోకుతూ గోకుతూ భార్య, ఆ పొద్దున తన బస్సులో ఒకాయన ముందు సీటావిడ టోపీని తన సంచీ అనుకుని లాగిన వైనం చెప్పింది. పెద్దమ్మాయి పగలబడి నవ్వి, తమ లెక్చరర్ ఎలా తుమ్ముతాడో చేసి చూపించింది. బాబాయికి మాట్లాడే వంతే రాలేదు. ఆయన దాన్ని పట్టించుకోలేదు కూడా.

అప్పటి నుంచి మూడు రోజులకొకసారి ఆ వంట చెయ్యక తప్పలేదు. మిగతా రోజుల్లో వంటలు ఎలా ఉన్నా, ఏమో ఇవాళ కూడా ఏదైనా తగులుతుందేమోనని అందరూ బల్ల దగ్గరికి చేరుతున్నారు.

కొన్ని వారాలకి గుమాస్తాగారు మళ్లీ వచ్చారు. కుర్చీలో కూర్చుని అద్దంలోంచి అడిగారు.

"ఏం బాబాయ్, నేను చెప్పింది చేసి చూశావా?"

"చూడటమేంటి సారూ! మూడు రోజులకొకసారి చేస్తున్నా."

"మరీ అంత తరచుగా వద్దయ్యా. ఎవరికి, నీకేనా?"

"ఇంటిల్లిపాదికీ! మా అత్తగారైతే అడిగి మరీ రెండోసారి వేయించుకుంటుంది."

"అయ్యో పాపం, ఆవిడకి కూడా రాలుతోందా?"

"ఏం రాలుతోంది?"

"జుట్టు!"

బాబాయి దువ్వెన బల్ల మీద పెట్టేశాడు. ఆయన మొహం కందగడ్డయింది. "చూడండి సారూ, మీరు పెద్దవారు. ఏమైనా అనండి, పడతాను. నా వంటలో జుట్టు రాలుతోందని మాత్రం అనకండి. చొక్కా మార్చుకోకుండా నేను పొయ్యి దగ్గరికి వెళ్లను!"

"వంటేమిటయ్యా? నేను చెప్పింది తలకి పట్టించుకోవడానికి కదా!"

బాబాయి బల్ల మీది దువ్వెన తీసి, మళ్లీ అక్కడే పెట్టాడు. తర్వాత బాబాయి చాలా మెల్లిగా, "అంటే... వండేది కాదా?" అన్నాడు.

"గోరువెచ్చటి నీళ్లతో కడిగేసేది." గుమాస్తాగారు కుర్చీలో వెనక్కి తిరిగారు. "ఇంతకీ నూనె ఏది వేశావు? నేను ఆముదం అని చెప్పాను."

"అది వినపడలేదు సారూ. వంటనూనె వేశాను."

"బతికిపోయావు" అన్నారు గుమాస్తాగారు.

ఈ సంగతి ఇంట్లో చెప్పాలా, వద్దా? జీవితంలో మొదటిసారి బాబాయి ఒక మాట కడుపులో దాచుకోవాలని చూశాడు. తలకి రాసుకునేది తిన్నామని తెలిస్తే పేచీ జన్మలో మళ్లీ గుడ్డు ముట్టదు. అత్తగారు గరిటె వెనక్కి లాక్కుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, కుర్చీలు మళ్లీ ఖాళీ అయిపోతాయి. రెండు రోజులు ఆయన బల్ల దగ్గర ఎంత బుద్ధిగా కూర్చున్నాడంటే, జ్వరమేమోనని అత్తగారు నుదురు ముట్టి చూసింది.

ఆయన దాచగలిగాడు కానీ గుమాస్తాగారు దాచలేదు. ఆయన రోజూ ఎక్కేది బాబాయి భార్య నడిపే బస్సే.

మూడోరోజు రాత్రి భోజనాల దగ్గర, పెనం మూత తీయగానే భార్య పళ్లెం ముందుకి జరపకుండా తల వంచింది.

"ఏవండీ, నాకు కాస్త నడినెత్తి మీద వెయ్యండి. అక్కడ పల్చబడుతోంది."

బాబాయి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పిల్లలిద్దరూ అర్థంకాక చూశారు. ఇక దాక్కోవడానికి చోటు లేక, మిషను గోల దగ్గర నుంచి గోరువెచ్చటి నీళ్ల దాకా అంతా చెప్పేశాడు. పేచీ నోట్లో ఉన్న ముక్కని మింగాలో ఉమ్మాలో తెలియక బుగ్గలో పెట్టుకుని, అమ్మమ్మ వైపు చూసింది.

అత్తగారు తాపీగా చెయ్యి వెనక్కి పెట్టి తన కొప్పు తడిమి చూసుకుంది.

"అదీ సంగతి! నాలుగు వారాలుగా పిన్నులు పట్టట్లేదేమిటా అనుకుంటున్నాను."

ముందు పెద్దమ్మాయి విరగబడి నవ్వింది. తర్వాత భార్య. పేచీ ఎలా మింగిందో ఏమో మింగేసి, "నాకు జడ మోకాళ్ల దాకా రావాలి, ఇంకా వెయ్యి" అని పళ్లెం చాపింది.

"ఆ ఆముదం మాట కూడా మీ చెవిన పడి ఉంటేనా, అల్లుడుగారూ" అంది అత్తగారు కళ్లు ఒత్తుకుంటూ, "ఇల్లంతా బాత్‌రూము ముందు వరసలో నిలబడేది."

నవ్వులు తగ్గాక ఆవిడ పళ్లెంలో ముక్కని వేలితో జరుపుతూ, ఎవరితోనూ కానట్టు అంది: "ఇన్నేళ్లు వండాను. అందరికీ వడ్డించి కూర్చునేసరికి నా పళ్లెంలోది ఎప్పుడూ చల్లారిపోయేది. వేడివేడిగా తినడం ఇప్పుడే తెలుస్తోంది."

బాబాయి పెనంలో మిగిలిన పెద్ద ముక్క తీసి ఆవిడ పళ్లెంలో వేశాడు. ఆ రోజు నుంచి పెద్దమ్మాయి కూడా లేచి వడ్డించడం మొదలుపెట్టింది. నాన్న కూడా చల్లారక ముందే కూర్చోవాలని.

ఆ శనివారం గుమాస్తాగారిని భోజనానికి పిలిచారు. ఆయన మొదటి ముద్ద భయంభయంగా తిని, రెండోది మామూలుగా తిని, మూడోది అడిగి వేయించుకున్నారు. "మా ఆవిడ దీన్ని నా నెత్తిన రాసి పాడు చేస్తోంది" అని వాపోయారు.

బాబాయి వంట అంతటితో గొప్పగా మారిపోయిందని చెప్పలేం. ఇప్పటికీ వారానికో ముద్ద, వారానికో మాడు. మాడిన రోజున రొట్టె ముక్కలు ముందేసుకుని, అది ఎందుకు మాడిందో తలా ఒక కారణం చెబుతారు. అంచేత అలాంటి రోజుల్లోనే ఎక్కువసేపు కూర్చుంటారు. కింద సెలూన్లో మాత్రం ఒక మార్పొచ్చింది. వీధి దీపాలు వెలిగాయంటే, మంత్రి వచ్చినా బాబాయి కత్తెర పట్టడు.

మొన్న ఒక సాయంత్రం పెళ్లికెళ్లే తొందరలో ఉన్న ఒకాయన షట్టర్ సగం దించాక వచ్చి బతిమాలాడు. ఆయన గడ్డం గీసి పంపేసరికి బాగా ఆలస్యమైంది. బాబాయి చొక్కా మార్చుకుంటూ గబగబా మెట్లెక్కాడు. సగం మెట్లలో ఉండగానే పైనుంచి నవ్వులు వినిపించాయి. పెద్దమ్మాయి ఏదో చెబుతోంది, అత్తగారు దగ్గుతూ నవ్వుతోంది. తను లేకుండానే మొదలుపెట్టేశారు. ఒక్క క్షణం ఆయనకి ఉక్రోషం వచ్చింది. మరుక్షణం తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు.

"ఏంటది? నాకు చెప్పకుండా నవ్వుకుంటున్నారు?"

"నీ గురించే నాన్నా" అంది పేచీ, పక్క కుర్చీ బయటికి లాగుతూ. "కూర్చో. మళ్లీ మొదటి నుంచి చెబుతాం."